క్యాంపర్‌లో నీరు ఎక్కడ? మోటారు సైకిలు ఎక్కడ?

అమెరికాలో పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో చిన్న గదిని అమర్చుకొని దూరయాత్రలు సాగించేవారు అనేకులు. ట్రక్ క్యాంపర్‌గా పిలిచే ఈ గదికి నీటి ఏర్పాటే కీలకం. లీటరు నీరు కిలో తూగుతుంది. 120 లీటర్ల ట్యాంకు నింపితే 120 కిలోల భారం ఎక్కినట్లే. అందువల్ల ట్యాంకును ఇరుసులకు నడుమ, వీలైనంత కిందుగా అమర్చుకోవాలి. 12 వోల్టుల పంపు కుళాయిలకు నీరందిస్తుంది. వాడిన నీటికి వేరే ట్యాంకు ఉండాలి. గడ్డకట్టే చలిలో గొట్టాలు పగులుతాయి కనుక శీతకాలానికి ముందే వాటిని ఖాళీ చేయాలి.

క్యాంపర్‌ను ఒకచోట నిలిపి చుట్టుపక్కల తిరిగేందుకు పలువురు చిన్న మోటారు సైకిలును వెనుక తగిలించుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే. 2021 మోడలుగా అక్కడ వచ్చిన హోండా ట్రయల్ 125 బరువు సుమారు 117 కిలోలు. నీటికన్నా తక్కువే అయినా దీని ప్రభావం ఎక్కువ. ఇరుసుల మధ్య 3.6 మీటర్లున్న ట్రక్కుకు, వెనుక ఇరుసు నుంచి 1.8 మీటర్ల దూరాన దీనిని నిలిపితే ముందు చక్రాలపై 58 కిలోల భారం తగ్గుతుంది. వెనుక ఇరుసుపై 175 కిలోలు పెరుగుతుంది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు పట్టు సడలుతుంది. కనుక ట్యాంకు నింపి, బండి ఎక్కించి, మనుషులు కూర్చున్నాకే ఇరుసుల వారీగా తూకం వేయించి, డ్రైవరు తలుపు వద్ద ముద్రించిన పరిమితులతో సరిచూసుకోవాలి.