గడప దగ్గరి కుక్క: సూరె కహఫ్ నుంచి మిరప కల్లం దాకా

ప్రతి జుమా నాడు మన ఇళ్ళల్లో సూరె కహఫ్ తిలావత్ ఉంటుంది. జాలిమ్ హుకూమత్‌కు భయపడి గుహలో దాక్కుని ఏళ్ళ తరబడి నిద్రపోయిన నౌజవాన్ల కథ మన చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాళ్ళ వెంట ఒక కుక్క ఉంది. 18వ ఆయత్‌లో ఆ కుక్క గుహ దహలీజ్ దగ్గర ముందుకాళ్ళు చాపుకుని ఉన్న సంగతి వస్తుంది. 22వ ఆయత్‌లో, వాళ్ళు ఎంతమంది అని జనం వాదించుకున్న సంగతి వస్తుంది. ముగ్గురని ఒకరు, ఐదుగురని ఒకరు, ఏడుగురని ఒకరు. ఎవరు ఏ లెక్క చెప్పినా కుక్కను వదిలిపెట్టలేదు, దాన్నీ కలిపే చెప్పారు. ఖిత్మీర్ అనే పేరు ఖుర్‌ఆన్‌లో లేదు, తఫ్సీర్లలోంచి వచ్చింది. మన నానీమాలు, దాదీమాలు ఆ పేరు కూడా చెబుతారు.

అదే ఇంట్లో, అదే జుమా సాయంత్రం, వాకిట్లో కుక్కపిల్ల కుయ్ మంటే "హట్! నజిస్!" అని తలుపేస్తాం. తిలావత్‌కూ తలుపుకూ మధ్య ఏం జరిగింది? ఈ సవాలు మొన్న మిరప సీజన్‌లో మా ఇంటికే వచ్చింది.

చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన ఒక తల్లికుక్క లారీ కింద పడి చచ్చిపోయింది. దాని పక్కన రెండు పిల్లలు, కళ్ళు తెరిచి ఎన్నో రోజులు కాలేదు. మా చిన్నమ్మాయి వాటిని గోనెసంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. జంతువుల కోసం పనిచేసే ఒక వలంటీర్‌కు ఫోన్ చేస్తే, "షెల్టర్ నిండిపోయింది. ఇంత చిన్నవాటిని అక్కడ పెడితే జబ్బు అంటుకుని పోతాయి. ఐదారు వారాలు మీరే ఉంచండి, టీకా వేయించి దత్తత ఇచ్చే బాధ్యత మాది" అన్నాడు. దీన్ని ఫోస్టరింగ్ అంటారట. మా అమ్మీ మాత్రం ఒకటే మాట అంది: "కుక్క ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారు బేటా."

అమ్మీ చెప్పింది గలత్ కాదు. ఆ హదీసు సహీహ్ కితాబుల్లోనే ఉంది. జరూరత్ లేకుండా కుక్కను పెంచేవాడి సవాబులోంచి రోజూ ఒక ఖీరాత్ తగ్గుతుందన్న హదీసూ ఉంది. కుక్క మూతిపెట్టిన గిన్నెను ఏడుసార్లు కడగాలని, అందులో ఒకసారి మట్టితో తోమాలని కూడా ఉంది. ఇవి దాచిపెట్టి మాట్లాడితే అది ఇల్మ్ కాదు. కానీ సగం చెప్పి ఆపడం కూడా ఇల్మ్ కాదు. అందుకే మిగతా సగం కోసం తారీఖ్ పుస్తకాలు తీశాను.

హిజ్రీ 8వ సంవత్సరం, రంజాన్ నెల. క్రీ.శ. 630 జనవరి. పదివేల మంది లష్కర్ మదీనా నుంచి మక్కా వైపు నడుస్తోంది. దారిలో అల్ అర్జ్ అనే చోటు దాటాక ఒక కుక్క తన పిల్లలకు పాలిస్తూ, దగ్గరికొచ్చే వాళ్ళను చూసి గుర్రుమంటోంది. రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చూశారు. జుఐల్ బిన్ సురాఖా అనే సహాబీని పిలిచి, లష్కర్ అంతా దాటిపోయే దాకా ఆ తల్లినీ పిల్లల్నీ ఎవరూ కదిలించకుండా అక్కడ పహరా నిలబెట్టారు. ఈ రివాయత్‌ను అల్ వాఖిదీ తన కితాబుల్ మగాజీలో రాశాడు. ముహద్దిసులు వాఖిదీని హదీసు విషయంలో బలమైన రావీగా ఒప్పుకోరు. సీరత్, జంగుల తారీఖ్ రాసినవాళ్ళు మాత్రం ఆయన్ని వదిలి ముందుకు పోలేరు.

ఆ పహరా ఎలాంటిదో చూడండి. ఆ కుక్కను ఎవరూ సొంతం చేసుకోలేదు, గుడారంలోకి తీసుకురాలేదు, ముద్దు చేయలేదు. ఆపద గడిచే దాకా హిఫాజత్ చేశారు, తర్వాత ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. మన జబాన్‌లో దీనికి ఒక మాట ఉంది, అమానత్. వలంటీర్ చెప్పిన ఐదారు వారాల ఫోస్టరింగ్ నాకు అలాగే కనిపించింది.

మదీనాలో ఒక సమయంలో కుక్కల్ని చంపమన్న హుకుం వచ్చిన మాట నిజం. తర్వాత ఆ హుకుం ఆగిపోయిన మాటా నిజం. కుక్కలు కూడా ఉమ్మత్‌లలో ఒక ఉమ్మత్ అన్న అర్థం వచ్చే హదీసు అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. నేల మీద నడిచేవీ రెక్కలతో ఎగిరేవీ మీలాంటి ఉమ్మత్‌లే అని సూరె అన్‌ఆమ్ 38వ ఆయత్ చెప్పేదీ ఇదే. ఇక బావి కథ చెప్పనక్కర్లేదు. దాహంతో తడిమట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, మోజాలో నీళ్ళు నింపి, దాన్ని నోటితో పట్టుకుని పైకి ఎక్కినవాడి గునాహ్‌లు మాఫ్ అయ్యాయి. బనీ ఇస్రాయీల్‌లోని ఒక బద్‌నామ్ ఔరత్‌కు కూడా కుక్కకు నీళ్ళు తాపినందుకే మగ్‌ఫిరత్ దొరికింది.

ఖీరాత్ హదీసులోనే మూడు మినహాయింపులు ఉన్నాయి: షికారు కుక్క, మంద కాసే కుక్క, పొలం కాసే కుక్క. మన గుంటూరు, ప్రకాశం వాళ్ళం ఈ మూడో దాని దగ్గర ఆగాలి. కోసిన మిరపకాయ కల్లంలో ఎండే రోజుల్లో ఒక కుటుంబం ఏడాది కష్టమంతా ఆరుబయటే ఉంటుంది. రైతు అక్కడే మంచం వేసుకుంటాడు. మంచం కింద కుక్క. కౌలుకు మిరప, పత్తి వేసే మన సాయిబుల కల్లాల్లోనూ అదే దృశ్యం. వాళ్ళెవరూ ఫిఖ్ కితాబు చదివి కుక్కను పెట్టుకోలేదు. అయినా వాళ్ళు చేసింది ఫిఖ్ లోపలే ఉంది.

తహారత్ మస్‌అలాలో నాలుగు మజ్‌హబ్‌లదీ ఒకే మాట కాదు. ఇమామ్ మాలిక్ దృష్టిలో కుక్క పాక్. షాఫయీలు మొత్తం నజిస్ అంటారు. మనలో ఎక్కువమంది హనఫీలం. హనఫీల ఫత్వా ప్రకారం కుక్క పంది లాగా నజిసుల్ ఐన్ కాదు. దాని ఉమ్మి నజిస్, అది తగిలిన చోటు కడుక్కోవాలి. పొడిగా ఉన్న ఒంటిని తాకినంత మాత్రాన వజూ పోదు. నేను ముఫ్తీని కాను, మీ ఇంటి సంగతి మీ ఇమామ్ సాబ్‌ను అడగండి. నేను చెప్పేది ఒక్కటే. మన బుజుర్గులు పోట్లాడుకున్నది కుక్కను ఎక్కడ ఉంచాలి, ఏది కడగాలి అన్నదాని మీద. దాని మీద రహమ్ చూపాలా వద్దా అని కాదు.

ఆ రహమ్ కితాబుల్లోనే ఉండిపోలేదు. బాగ్దాద్‌లో 921లో ఇంతెకాల్ చేసిన ఇబ్నుల్ మర్జుబాన్ అనే ఆలిమ్ కుక్కల వఫాదారీ మీద ఒక పుస్తకమే కూర్చాడు. బట్టలు తొడుక్కు తిరిగే చాలామంది కన్నా కుక్కలే నయం అనే అర్థం వస్తుంది దాని పేరుకు. ఉస్మానీ ఖలీఫాల ఇస్తాంబుల్‌లో వీధికుక్కలకు తిండి పెట్టమని వసీయత్ రాసి డబ్బు వదిలిపోయేవాళ్ళ గురించి యూరప్ యాత్రికులు ఆశ్చర్యపడి రాసుకున్నారు. అదే నగరంలో 1910లో, కొత్త జమానాకు వీధికుక్కలు నామోషీ అనుకుని, పదుల వేల కుక్కల్ని పట్టి మర్మరా సముద్రంలో చెట్టూ నీరూ లేని దీవి మీద వదిలేశారు. ఆకలితో, దాహంతో అవి ఒకదాన్నొకటి పీక్కుతిన్నాయి. ఆ దీవిని జనం హయిర్‌సిజ్ అదా అన్నారు, ఖైర్ లేని దీవి అని. తర్వాత వచ్చిన జంగులు, ఆపదలు ఆ కుక్కల బద్‌దుఆ అని అక్కడివాళ్ళు చెప్పుకున్నారు.

మన దేశంలో ఆ కథ ఇంకా ముందే మొదలైంది. 1832 జూన్‌లో బొంబాయిలో కంపెనీ పోలీసులు వీధికుక్కల్ని చంపుతుంటే పార్సీలు తిరగబడ్డారు, మిగతా ఖౌమ్‌లు కూడా తోడయ్యాయి. బజారు మూతపడింది, ఫౌజ్ దిగాల్సి వచ్చింది. అయినా చంపడం ఆగలేదు. కుక్కల్ని పట్టి చంపడమే నగరపాలన అన్న అలవాటు తెల్లదొరలు పోయాక కూడా మునిసిపాలిటీల్లో మిగిలింది.

ఆ అలవాటు వెనక నిజమైన ఖౌఫ్ ఒకటి ఉంది. పిచ్చికుక్క కాటు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పాశ్చర్ 1885లో పారిస్‌లో టీకా కనిపెట్టాడు. దక్షిణాదికి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1907లో నీలగిరుల్లోని కూనూరులో వచ్చింది. ఆ రోజుల్లో మన మైదానాల్లో ఎవరినైనా పిచ్చికుక్క కరిస్తే మద్రాసు మీదుగా మెట్టుపాళయం, అక్కడి నుంచి కొండ రైలు. టికెట్‌కు డబ్బు లేనివాళ్ళకూ, దారి తెలియనివాళ్ళకూ పసరు వైద్యమూ తావీజూ తప్ప వేరే దిక్కు లేదు. 1911లో కసౌలీలో సెంపుల్ అనే డాక్టరు గొర్రె మెదడుతో చేసే టీకా తెచ్చాడు. "బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు" అని మన పెద్దలు చెప్పేది దాని గురించే. మన దేశంలో అది ఆగి ఇప్పటికి ఇరవై ఏళ్ళే. ఇప్పుడు సర్కారీ దవాఖానాలో చేతికి వేసే టీకా ముఫ్త్‌గా దొరుకుతుంది. కరిచినా, గీరినా సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు వెళ్ళాలి. రోగం బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. అందుకే మన పెద్దవాళ్ళ "హట్" అన్న మాటలో నజాసత్ ఒక్కటే లేదు, కూనూరు దాకా పోలేక చచ్చిపోయినవాళ్ళ యాదీ కూడా ఉంది.

కానీ చంపడం వల్ల ఆ ఖౌఫ్ పోలేదు. మద్రాసులో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా వాళ్ళు ఈ లెక్కే తీశారు. ఎన్నేళ్ళు చంపినా కుక్కలూ తగ్గలేదు, కాట్లూ తగ్గలేదు. ఖాళీ అయిన వీధిలోకి పక్కవీధి కుక్కలు వస్తాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, ఎక్కడ పట్టారో అక్కడే వదలడమే దారి అన్నారు. 1990లలో మద్రాసు కార్పొరేషన్ ఆ దారికి వచ్చింది. తెలుగు నేల మీద అక్కినేని అమల 1992లో హైదరాబాద్ బ్లూ క్రాస్ మొదలుపెట్టారు. విశాఖలో 1996లో ప్రదీప్ కుమార్ నాథ్ విశాఖ జంతు సంరక్షణ సంఘం పెట్టారు. 2001లో కేంద్రం ఏబీసీ నిబంధనలు తెచ్చింది, 2023లో వాటిని మార్చి రాసింది.

2025లో ఇదంతా మళ్ళీ అదాలత్‌కు ఎక్కింది. ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమని ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. ఆగస్టు 22న దాన్ని మార్చి, ఆపరేషన్, టీకా చేసి వదిలేయమంది. పిచ్చిపట్టినవీ, మీదపడి కరిచేవీ మాత్రం వదలొద్దంది. నవంబర్ 7న స్కూళ్ళు, దవాఖానాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తీసేసి షెల్టర్లకు పంపమంది. అన్ని షెల్టర్లు ఎక్కడున్నాయి? ఉన్నవాటిలో కిక్కిరిసిన కుక్కల మధ్య పార్వో, డిస్టెంపర్ జబ్బులు ముందు పిల్లల్నే తీసుకుపోతాయి. టీకా మొదలు కావాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు రావాలి. రేబీస్ టీకాకు మూడు నెలలు. తల్లి పోయిన పిల్ల ఆ వయసు దాకా బతకాలంటే షెల్టర్ చాలదు, ఒక ఇంటి వసారా కావాలి. ఫోస్టరింగ్ షౌక్ కాదు, జరూరత్ అని నాకు అప్పుడు అర్థమైంది.

మా ఇంట్లో సులహ్ ఇలా కుదిరింది. పిల్లలు వసారాలోనే, గడప లోపలికి రావు. నమాజు గది, జానమాజ్‌లు, నమాజు బట్టలు వేరు. వాటి గిన్నె వేరు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. పక్కవీధి దూదేకుల ఆయన పాత పరుపులోంచి తీసిన దూదిని గోనెసంచిలో కూరి ఇచ్చాడు, అదే వాటి పక్క. ఆవుపాలు పడితే విరేచనాలు అవుతాయని పశువుల డాక్టరు చెప్పి, కుక్కపిల్లల పాలపొడి రాసిచ్చాడు, నులిపురుగుల మందు ఇచ్చాడు. మిరప ఘాటు కళ్ళకు తగలకుండా గాలి వచ్చే వైపు గోనెపట్టా కట్టాం. మొదటి వారం వాటి వైపు చూడని అమ్మీ, మూడో వారం నుంచి జుహర్ నమాజు అవగానే "వాటికి నీళ్ళు పెట్టారా?" అని అడగడం మొదలుపెట్టింది.

ఏడో వారంలో టీకా అయ్యాక ఒకటి నరసరావుపేట వైపు ఒక రైతు కల్లానికి వెళ్ళింది. ఇంకోదాన్ని ఒంగోలు నుంచి ఒక టీచరమ్మ వచ్చి తీసుకెళ్ళింది. మా అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "అమానత్ అంటే అదే బేటీ, ఇచ్చేయాలి" అంది అమ్మీ.

ఆ గిన్నె పారేద్దామని తీశాను. "ఉండనీ," అంది అమ్మీ, "కడిగి వసారాలో బోర్లించు. మళ్ళీ మిరప సీజన్ వస్తుందిగా."