పెన్‌గంగ అవతల ఆరు, ఇవతల ఏడు

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపిక పట్టి చదవండి. సెలవుల్లో ఊళ్ళకు పోయినప్పుడు చిన్న పిల్లలకు చదువు చెప్పే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం తప్పకుండా చదవాలి.

నాలుగు, ఐదు తరగతుల పిల్లల సంచిలో రెండు పుస్తకాలు ఉంటయి. ఒకదాంట్ల నదులు, కొండలు, జిల్లాల పటం. ఇంకోదాంట్ల ఎవరో ఒకాయన దుకాణానికి పోయి పెన్సిళ్ళు, పండ్లు కొంటాడు, చిల్లర ఎంత వచ్చిందో చెప్పమంటాడు. ఆ దుకాణం ఏ ఊళ్ళో ఉందో, ఆ పండ్లు ఏ దారిన వచ్చినయో పుస్తకం చెప్పదు. పటం పుస్తకంల పైసల ముచ్చట ఉండదు. ఒకటి పరిసరాలు, ఇంకోటి లెక్కలు, రెంటికీ వేరు వేరు పీరియడ్లు. కానీ మన ఆదిలాబాద్ చరిత్ర చూస్తే, మన తాతలకు ఈ రెండూ ఎన్నడూ వేరు కావు. ఏ నది దాటితే రూపాయి విలువ మారుతుందో తెలియనివాడు మునిగిపోయేవాడు. పటం, పైసలు రెండూ చదవగలిగినవాడి చేతికి భూమి పోయింది.

ముందు పటం. పాత ఆదిలాబాద్ జిల్లాను నేల మీద సుద్దముక్కతో గీయడం చాలా సులువు, ఎందుకంటే దాదాపు అంతా నీళ్ళే హద్దు. ఉత్తరాన పెన్‌గంగ. అది పోయి వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత. ప్రాణహిత కిందికి దిగి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. దక్షిణాన గోదావరి. మధ్యల కొండలు, ఉట్నూరు, జైనూరు, కెరమెరి, తిర్యాణి. పెన్‌గంగ, వార్ధా అవతల చాందా, యవత్‌మాల్. అటు ఒడ్డున మన గోండుల చుట్టాలే, అవే సగలు, అవే పండుగలు. చాందా ఒకప్పుడు గోండు రాజుల రాజధాని, 1751లో మరాఠాల చేతికి పోయేదాకా. కాబట్టి మనవాళ్ళకు ఆ నది హద్దు కాదు, చుట్టాలింటికి పోయే దారిలో దాటే నీళ్ళు. సర్కారుకు మాత్రం హద్దు. ఇవతల నిజాం రాజ్యం, అవతల ఇంగ్లీషోళ్ళ పాలన.

రెండు సర్కార్లు అంటే రెండు రూపాయలు. ఇవతల నడిచేది హాలీ సిక్కా, నిజాం సొంత నాణెం. అవతల నడిచేది కల్దార్, అంటే యంత్రం మీద కొట్టిన బ్రిటిష్ రూపాయి. రెంటికీ పదహారణాలే, రెండూ వెండి రంగే, పేరు కూడా రూపాయే. కానీ విలువ ఒకటి కాదు. గత శతాబ్దంలో సుమారుగా ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. అటూ ఇటూ కొంచెం కదిలేది గానీ పిల్లల లెక్కకు ఏడు, ఆరు చాలు.

ఈ ఏడు, ఆరు గోండు పిల్లలకు కొత్త అంకెలు కావు. ఇంట్లో మీరు ఏ సగ అంటే యేర్వేన్, సార్వేన్, సీవేన్, నాల్వేన్ అని చెప్తరు. ఏడు, ఆరు, ఐదు, నాలుగు. బడికి రాకముందే ఈ అంకెలతో పెండ్లి సంబంధం కుదురుతుందో లేదో చెప్పగలిగే పిల్లలకు లెక్కలు రావని టీచర్లు అంటే మాకు నవ్వొస్తది. కోపం కూడా వస్తది.

మేము చెప్పిన పాఠం ఇట్లుంటది. నేల మీద పెన్‌గంగ గీస్తం. అవతలి ఒడ్డున కూర్చున్న పిల్లలకు ఇప్ప గింజలు, ఇవతలి వాళ్ళకు చింతగింజలు. ఇప్ప గింజ కల్దార్, చింతగింజ హాలీ. నది దాటే ప్రతి ఒక్కరూ ఆరు ఇప్ప గింజలిచ్చి ఏడు చింతగింజలు తీసుకోవాలి. పన్నెండుకు పద్నాలుగు, పద్దెనిమిదికి ఇరవై ఒకటి. ఎక్కాలు బట్టీ పట్టకుండానే ఆరో ఎక్కం, ఏడో ఎక్కం పక్కపక్కన నిలబడతయి. తర్వాత ఒక కథ, లెక్క కోసం మేము అల్లిందే. ఒక రైతు అవతల పత్తి అమ్మి 60 కల్దార్లు తెచ్చిండు. ఇవతల సావుకారుకు 60 హాలీ బాకీ. సావుకారు అంటడు, "అరవైకి అరవై చెల్లు, పో." పిల్లలు గింజలు పేర్చి చూస్తరు. అరవైలో ఆరు పదిసార్లు. పది ఏడులు డెబ్బై. బాకీ తీరంగ పది హాలీ రూపాయలు తిరిగి రావాలె. ఆ పది రూపాయలు ఎక్కడ పోయినయంటే, నది మీద పోయినయి. ఇది అర్థమైన పిల్లకు భూగోళం ఎందుకు చదవాలో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, కొలతలు. శేరు, పావుశేరు, పల్లా అనే మాటలు మన ముసలోళ్ళ నోట ఇంకా ఉన్నయి. పల్లాకు 120 శేర్లు, బ్రిటిష్ ఇండియా మణుగుకు 40 శేర్లు. అంటే ఒక పల్లాకు మూడు మణుగులు. కొలత ఒక లెక్క, నాణెం ఇంకో లెక్క, ఊరు మారితే రెండూ మారొచ్చు. చదువు రాని మనిషి ఇవన్నీ తలలోనే మోయాలి. మనవాళ్ళకు తెలివి లేక మోసపోయారని కొన్ని పుస్తకాల్లో రాస్తరు. మాకు అది ఒప్పు కాదు. తలలో మోసే లెక్కకు అవతలివాడి కాగితం మీది లెక్క ముందు సాక్ష్యం ఉండదు, అంతే. పద్దు పుస్తకం ఎవరి దగ్గర ఉంటే మాట వాళ్ళదే.

గింజల అప్పు అంతకన్నా ఘోరం. సవాయి అంటే నాలుగు కుంచాలు తీసుకుంటే పంట మీద ఐదు ఇవ్వాలె. దీడీ అంటే రెండుకు మూడు. ఒక్క ఏడాదికి చూస్తే చిన్నదిగానే కనబడుతది. దీడీ అప్పు కట్టలేక మూడేళ్ళు తిప్పితే చూడండి: రెండు మూడైతది, మూడు నాలుగున్నర, నాలుగున్నర ఆరు ముప్పావు. మూడింతల కంటే ఎక్కువ. ఐదో తరగతి పిల్లలు దీన్ని గింజలతోనే చేయగలరు, అర గింజలు పావు గింజలు విరుచుకుంటూ. సగం, పావు నేర్పడానికి దీనికన్నా మంచి పాఠం మాకు దొరకలేదు. రొట్టె కోసే బొమ్మ కంటే ఇది బాగా పట్టుకుంటది.

ఇక చరిత్రకొస్తే. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు దారి 1929 నాటికి పూర్తయింది. 1938లో సిర్పూర్ కాగితం మిల్లు పెట్టారు, అడవిలో వెదురుకు ధర పుట్టింది. నల్లరేగడి నేలకు పత్తితో ధర పుట్టింది. ధర పుట్టిన చోటికి బయటి నుంచి జనం వచ్చారు, పట్టాలు వాళ్ళ పేర్ల మీదకు పోయినయి. ఇంకోపక్క అటవీశాఖ గీతలు గీసి పోడు చేసుకునే ఊళ్ళను ఖాళీ చేయించింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగింది ఈ రెంటి మధ్యనే. ఆ కథ మీకందరికీ తెలుసు, దాని తర్వాత జరిగింది మాత్రం తక్కువమందికి తెలుసు.

కాల్పుల తర్వాత నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను గోండుల స్థితి చూడమంది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అదే మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. అందులో చేరింది గోండులే, కొద్దిగా మరాఠీ చదువు వచ్చిన పెద్దవాళ్ళు. వాళ్ళకు శిక్షణ ఇచ్చి మన ఊళ్ళ బళ్ళకే పంతుళ్ళుగా పంపారు. వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో అచ్చేశారు. అక్కడ చదివినోళ్ళు కొందరు పట్వారీ పనికి, అటవీ కొలువులకు కూడా పోయారు. సర్కారు అదే కాలంలో గోండు, కోలాం కుటుంబాలకు లావణి పట్టాలు ఇచ్చింది, కొన్నేళ్ళలో అవి లక్షన్నర ఎకరాలు దాటాయి. ఊళ్ళలో గింజల బ్యాంకులు పెట్టారు, సవాయి దీడీల నోరు మూయించడానికి.

మేము దీన్ని ఒక దయగల దొర కథగా చెప్పదలుచుకోలేదు. జోడేఘాట్‌లో రక్తం పారకపోతే మార్లవాయిలో బడి వచ్చేది కాదు. మాకు ముఖ్యం ఏందంటే, బడి, పట్టా, గింజల బ్యాంకు మూడూ ఒకే పథకంగా నడిచినయి. పట్టా చదవలేనివాడికి పట్టా ఇస్తే నిలవదని ఎవరికో అర్థమైంది. పట్టా మీద ఉండేది ఏంది? ఊరి పేరు, నాలుగు దిక్కుల హద్దులు, ఎకరాలు, గుంటలు, శిస్తు రూపాయలు. సగం భూగోళం, సగం లెక్కలు.

తర్వాత సర్కార్లు మారినయి. 1948లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. కొన్నేళ్ళు రెండు రూపాయలూ నడిచి 1959లో హాలీ సిక్కా పూర్తిగా ఆగిపోయింది. ఈ మధ్యలోనే, 1956లో రాష్ట్రాలను భాష లెక్కన విడగొట్టారు. కిన్వట్, రాజురా అటు పోయినయి, మిగతా ఆదిలాబాద్ ఇటు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. తెలుగు, మరాఠీ అని చూసి గీసిన గీత అది. గోండి ఎవరికీ లెక్కలోకి రాలేదు. బళ్ళలో గోండి వాచకాలూ మూలన పడ్డయి.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినయి. రూపాయికి 64 పైసలు పోయి 100 పైసలు. ఇక్కడ కూడా పిల్లలకు ఒక మంచి చిక్కు ఉంది. నాలుగణాలకు సరిగ్గా 25 నయా పైసలు. అణాకు ఆరుంపావు రావాలె, కానీ పావు పైస లేదు కాబట్టి సర్కారు పట్టికలో అణాకు 6 అని రాశారు. అణా వస్తువు నాలుగుసార్లు విడివిడిగా కొంటే 24 అవుతుంది, కొన్నవాడికి ఒక పైస లాభం. దుకాణదారు అణాకు 7 అడిగితే 28, మూడు పైసల నష్టం. అంగడిలో ఏది జరిగి ఉంటుందని పిల్లలను అడిగితే, అందరూ ఒకే జవాబు చెప్తరు.

అంగడి అంటే ఇంద్రవెల్లి గుర్తురాకుండా ఉండదు. 1981 ఏప్రిల్ 20 సోమవారం, అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు 13 మంది అంది, మనవాళ్ళ లెక్క అంతకన్నా చాలా పెద్దది. జనం అడిగింది భూమికి పట్టా, పంటకు సరైన ధర. చచ్చిపోయినవాళ్ళ సంఖ్య మీద కూడా రెండు పద్దులు ఉన్న చోటు అది. ఈ ముచ్చట ఐదో తరగతికి చెప్పాలా వద్దా అని మాలో మాకే వాదన జరిగింది. స్తూపం దగ్గరికి పోయిన పిల్లలు ఎట్లాగూ అడుగుతరు కాబట్టి చెప్పాలనే అనుకున్నం.

పాత పైసలు ఇప్పుడెందుకు, ఫోన్‌లో స్కాన్ చేసే కాలం కదా అని కొందరు మిత్రులు అన్నారు. సరే, ఇప్పటి లెక్కే చూద్దాం. రాజురా గీత తెచ్చిన పేచీ ఇంకా తెగలేదు. కెరమెరి మండలంలో పరందోళి వంటి ఊళ్ళను తెలంగాణ మాదంటది, మహారాష్ట్ర మాదంటది. రెండు రేషన్ కార్డులున్న ఇళ్ళు, రెండు రాష్ట్రాల్లో ఓటున్న మనుషులు ఉన్నరు. భూమికి గట్టి పట్టా మాత్రం లేదని వాళ్ళ గోస. రెండు కార్డుల లాభం ఒకవైపు, పట్టా లేని నష్టం ఇంకోవైపు పెట్టి తూచమంటే, ఆ ఊరి ఐదో తరగతి పిల్ల మనకంటే బాగా తూచుతది.

బస్సు లెక్క ఇంకా సులువు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు జీరో టికెట్. రాష్ట్రం సరిహద్దు దాకానే. అవతల మహారాష్ట్ర బస్సుల్లో అదే ఏడాది మార్చి నుంచి ఆడవాళ్ళకు సగం చార్జీ. ఇప్పుడు ఒక అమ్మ, నాన్న, పదేళ్ళ పిల్ల చాందాలో చుట్టాల పెండ్లికి పోతున్నరు. హద్దు దాకా ఎవరికి ఎంత, హద్దు దాటినంక ఎవరికి ఎంత? మేము ఈ లెక్క ఇస్తే ఒక పిల్ల ముందుగా చార్జీ ఎంతని అడగలేదు. "హద్దు ఏ ఊరి దగ్గర?" అని అడిగింది. పటం తీసి వెతుకుడు మొదలుపెట్టినం.

మీ ఇంట్లో హాలీ సిక్కా ఉంటే, అణా ఉంటే, పాత పట్టా కాగితం ఉంటే అమ్మకండి. వెండి ధర పెరిగిందని కొనేటోళ్ళు ఊళ్ళల్ల తిరుగుతున్నరు. పిల్లల చేతికి ఇచ్చి ఒకసారి చదివించండి. మీ తాతలు ఏ అంగడికి పోయేవాళ్ళు, ఏ వాగు దాటేవాళ్ళు, అక్కడ ఏ కొలతతో కొలిచేవాళ్ళు, ఇప్పుడే అడిగి మాకు రాయండి. కోయ, కోలాం, నాయక్‌పోడ్, లంబాడా మిత్రులు మీ భాషలో అంకెల పేర్లు కూడా పంపితే, వచ్చే సెలవుల్లో గింజల ఆట ఆ అంకెలతోనే ఆడిస్తం.