గాజుగొట్టంలో రక్తం చెప్పే మాట

పొలంలో పాముతో సహవాసం మనకు కొత్త కాదు. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది, ఎలుక మన గాదె చుట్టూ తిరుగుతుంది. పాము కాటు తిన్నవాని రక్తాన్ని చదవడం వైద్యులు ఎట్లా నేర్చుకున్నారో ఈ పూట ముచ్చటించుకుందాం.

ఈ కథకు మన విశాఖపట్నంతో సంబంధం కలదు. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ కొలువులో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు అక్కడ ఉండి పాములను సేకరించాడు. 1796లో లండన్‌లో పుస్తకం అచ్చువేయించాడు. అందులో ఒక పాముకు మన తెలుగు పేరే రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. మనం రక్తపింజరి అనేది దానినే. ఇంగ్లీషులో మాత్రం అది రస్సెల్ పేరుతో నిలిచింది.

ఈ విషం చేసే పని ఏమిటి? గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకు ఒంట్లో కొద్దిగానే ఉంటుంది. విషం ఆ సరుకును రక్తనాళాల్లోనే వృథాగా ఖర్చు చేయిస్తుంది. వాన కాలంలోనే తూము తెరచి చెరువు ఖాళీ చేస్తే, పైరుకు కావలసిన నాడు నీరుండదు గదా! అట్లాగే ఇక్కడ రక్తం ఆగదు. చిగుళ్ల నుంచి, మూత్రంలో కూడా పోవచ్చు. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

గడ్డకట్టించే ఈ శక్తినే మందుగా వాడవచ్చునని 1934లో లండన్‌లో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనేవారు చూపారు. గాయమైతే రక్తం ఆగని హీమోఫిలియా రోగులకు పలుచన చేసిన రక్తపింజరి విషాన్ని గాయంపై పూసి రక్తం ఆపారు.

పల్లె ఆసుపత్రికి పనికివచ్చే పరీక్ష ఆఫ్రికా నుంచి వచ్చింది. నైజీరియాలో పింజరి కాటు రోగులపై వారెల్, ఆయన తోటివారు 1977లో ప్రచురించిన పరిశోధన దాని విలువను చాటింది. 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజుగొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తరువాత ఒక్కసారి వంచాలి. రక్తం నీళ్లవలె పారితే విషం ఎక్కినట్లే. ప్లాస్టిక్ గొట్టం, సబ్బుతో కడిగిన గొట్టం పనికిరావు. పెద్ద ఆసుపత్రులలో ఫైబ్రినోజెన్, డి-డైమర్, ప్లేట్‌లెట్లు కొలుస్తారు. ఒంట్లో తాపం ఎంత రేగిందో తెల్లకణాలు, సి.ఆర్.పి. తెలుపుతాయి.

ఒక హెచ్చరిక. మొదటిసారి రక్తం గడ్డకట్టిందని నిశ్చింతగా ఇంటికి పోరాదు. విషం ఆలస్యంగా ఎక్కవచ్చు, కనుక పరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి. నాగుపాము, కట్లపాము విషం ముఖ్యంగా నరాలను పట్టి ఊపిరి ఆపుతుంది. వాటి కాటును ఈ గొట్టం పట్టుకోలేదు.

ఇప్పుడు ఆలోచించండి. గడ్డకట్టని రక్తమున్న మనిషికి కాటు మీద కత్తిగాటు పెడితే ఏమవుతుంది? గాటు వద్దు, గట్టి కట్టు వద్దు, మంత్రగాని ముంగిట కూర్చోవద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. విస్తరణ ఉద్యోగులారా! విషానికి విరుగుడు మందు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఉందో నేడే కనుక్కొని పంచాయతీ గోడ మీద రాయించండి. కాటు పడిన రాత్రి వెతుక్కునే వ్యవధి ఉండదు.