ఫోన్ వెడల్పంత దూరంలో పోయిన పతకం

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం.

1984 ఆగస్టు 8. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. మూడో స్థానంలో వచ్చిన రొమేనియా అమ్మాయి క్రిస్టియానా కొజొకారు టైమ్ 55.41 సెకన్లు. మన పి.టి. ఉష టైమ్ 55.42. కాంస్యం కొజొకారుకి వెళ్లింది, ఉషకి నాలుగో స్థానం మిగిలింది.

తేడా సెకనులో వందో వంతు. అది ఎంత దూరమో చూద్దామా? దూరాన్ని కాలంతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. 400ని 55.42తో భాగించండి, సెకనుకి 7.2 మీటర్లు. అందులో వందో వంతు అంటే 7 సెంటీమీటర్లు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ వెడల్పు కూడా దాదాపు అంతే!

ఇంత చిన్న తేడాని పట్టుకోవడం మనకి ఎప్పటినుంచో తెలిసిన విద్య కాదు. అదే లాస్ ఏంజెలెస్‌లో 1932 ఒలింపిక్స్ చూడండి. పురుషుల 100 మీటర్లలో ఎడ్డీ టోలన్, రాల్ఫ్ మెట్‌కాఫ్ ఇద్దరికీ స్టాప్‌వాచ్‌లు చూపించింది ఒకే టైమ్, 10.3. చివరికి ఫిల్మ్ పరిశీలించి టోలన్‌కి స్వర్ణం ఇచ్చారు. చేత్తో నొక్కే వాచ్‌తో ఇబ్బంది ఏంటంటే, గన్ పేలింది చూసి బటన్ నొక్కేసరికే మనిషికి 0.2 సెకను దాకా పడుతుంది. ఆ కాసేపట్లో మంచి స్ప్రింటర్ 2 మీటర్లు వెళ్లిపోతాడు. అందుకే 1977 నుంచి స్ప్రింట్ ప్రపంచ రికార్డులకి ఎలక్ట్రానిక్ టైమ్‌నే లెక్కలోకి తీసుకుంటున్నారు.

సరే, టైమ్ కచ్చితంగా దొరికింది. కానీ దానితో వచ్చేది సగటు వేగమే. పరుగు మధ్యలో ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? దీనికి దారి చూపించినవాడు ఎ.వి. హిల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. కండరాల మీద పరిశోధనకి నోబెల్ అందుకున్నాయన. 1927లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో రన్నర్ల ఒంటికి అయస్కాంతం కట్టి, ట్రాక్ పక్కన కొలిచిన దూరాల్లో తీగచుట్టలు పెట్టించాడు. రన్నర్ ఒక్కో చుట్టని దాటినప్పుడల్లా అందులో కరెంటు పుడుతుంది, ఆ క్షణం రికార్డవుతుంది. అలా తేలింది ఏంటంటే, త్వరణం మొదట్లోనే ఎక్కువ, తర్వాత తగ్గుతూ పోతుంది, వేగం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది.

దీన్ని ఉసేన్ బోల్ట్ మీద పెట్టి చూద్దాం. 2009 ఆగస్టు 16, బెర్లిన్, 9.58 సెకన్లు. సగటున సెకనుకి 10.44 మీటర్లు. మొదటి 20 మీటర్లకి 2.89 సెకన్లు పట్టింది. గన్ పేలాక కదలడానికి పట్టిన 0.146 తీసేస్తే 2.744. స్కూల్లో చదివిన సూత్రం గుర్తుందా? దూరం అంటే సగం త్వరణం ఇంటూ కాలం స్క్వేర్. దాని ప్రకారం త్వరణం 5.3 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్. ఆ లెక్కన 20 మీటర్ల దగ్గరే బోల్ట్ వేగం సెకనుకి 14 మీటర్లు దాటాలి. కానీ రేసు మొత్తంలో అతను అంత వేగం ఎప్పుడూ అందుకోలేదు!

తప్పు సూత్రానిది కాదు. త్వరణం మారకుండా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. మనిషి కాళ్లు అలా ఉండవు. బోల్ట్ 60 నుంచి 80 మీటర్ల మధ్య 20 మీటర్లని 1.61 సెకన్లలో దాటాడు. అంటే సెకనుకి 12.42 మీటర్లు, గంటకి దాదాపు 45 కిలోమీటర్లు. చివరి 20 మీటర్లకి 1.66 పట్టింది, అంటే వేగం 12.05కి పడిపోయింది. చివర్లో దూసుకెళ్లినట్టు మనకి కనిపించినా, అక్కడ బోల్ట్ కూడా నెమ్మదించాడు.

మీరూ చేసి చూడండి. గ్రౌండ్‌లో 20 మీటర్లకి ఒక గీత గీసి, ఫ్రెండ్ పరుగుని ఫోన్‌లో తీసి, ఫ్రేములు లెక్కపెట్టండి. సెకనుకి 30 ఫ్రేములైతే, ఒక ఫ్రేముకీ ఇంకోదానికీ మధ్య ఉష 24 సెంటీమీటర్లు దాటేస్తుంది. ఆమె పతకం పోయింది 7 సెంటీమీటర్లలో. మామూలు ఫోన్ వీడియోకి ఆ తేడా అందదు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!