సీసాలో వేలిముద్ర

మొన్న వేసవిలో పుట్టింటికి వెళ్ళి అమ్మ బీరువా సర్దుతుంటే, పట్టుచీరల మడతల్లోంచి ఓ గాజు సీసా బయటపడింది. కోల్డ్ క్రీము! పెద్దన్నయ్య మొదటి జీతంతో కొనిచ్చింది. ఎంత తక్కువ లెక్కేసినా ఇరవై ఏళ్ళ పైమాటే. మూత తీస్తే సగానికి సగం అలాగే ఉంది. మధ్యలో అమ్మ చూపుడువేలు చేసిన చిన్న గుంట.

"ఇంకా వాడుతున్నావా అమ్మా?"

"పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కాస్త రాసుకుంటానే. మొన్న రాసుకుంటే బుగ్గలు భగభగమన్నాయి. ఎండ వల్లనేమో!"

వాసన చూశాను. గులాబీల ఘుమఘుమ కింద మక్కిన నూనె వాసన. "పారేద్దామమ్మా" అనేసరికి సీసా నా చేతిలోంచి లాక్కుంది.

మా అమ్మమ్మ కాలంలో ఈ తగాదా లేదు. సున్నిపిండి ఇంట్లోనే విసిరేవారు. మీగడలో పసుపు కలిపితే ఆ పూటకే. మర్నాడు పులిసిందని ముక్కే చెప్పేది. కాటుక భరిణెలో నెలల తరబడి ఉండేది నిజమే. కానీ అది ఎవరు పట్టారో, ఎప్పుడు పట్టారో ఇంటిల్లిపాదికీ తెలుసు. చేసిన చెయ్యి కళ్ళెదురుగా ఉంటే తారీఖుతో పనేముంది?

కోల్డ్ క్రీముదీ మొదట అదే కథ. దాన్ని తొలుత తయారుచేసిన ఘనత క్రీస్తుశకం 2వ శతాబ్దంలో రోమునగరంలో వైద్యం చేసిన గేలెన్‌కి ఇస్తారు. తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీరు – ఇంతే సరుకు. గాలి తగిలితే నూనె మక్కిపోతుంది కనుక చేసిన కొద్దిరోజుల్లోనే వాడుకోవాలి. తర్వాతి కాలంలో మక్కని ఖనిజ తైలం ఆ నూనె స్థానంలోకి వచ్చింది. క్రీము సీసాకెక్కి దూరాలు ప్రయాణం చేసింది. చేసిన చెయ్యి మాత్రం కనబడకుండా పోయింది.

ఇక్కడ ఓ ముచ్చట చెప్పాలి. 2003లో లండన్‌లోని సదర్క్ ప్రాంతంలో తవ్వుతుంటే రోమన్ల కాలపు తగరపు డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే లోపల తెల్లటి క్రీము, దాని మీద ఎవరో వేళ్ళతో తీసుకున్న గుర్తులు! బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి జంతువుల కొవ్వు, గంజిపిండి, తగరపు భస్మం కలిపి చేశారని 2004లో ప్రకటించారు. దాదాపు రెండువేల ఏళ్ళు! అది చదివినప్పుడు నాకు శాస్త్రం కన్నా ముందు మా అమ్మే గుర్తొచ్చింది. ఆ మహాతల్లి కూడా దేనికోసం దాచుకుందో!

మనదేశంలో 1940 నాటి చట్టం మొదట మందులకే. 1962 సవరణతో సౌందర్య సాధనాలు కూడా అందులో చేరాయి. సీసా మీద ఏ నెల, ఏ సంవత్సరంలోగా వాడాలో ఉండాలని 2020 నియమాలు చెబుతున్నాయి. అయితే ఆ గడువు మూత తియ్యని సీసాకి. తీశాక లెక్క వేరు. గాలి తగులుతుంది, వేలితో పాటు సూక్ష్మజీవులూ దిగుతాయి. క్రీములో నీరుంటే వాటికి పండగే. చెడకుండా కలిపిన మందు కొన్నాళ్ళే కాపు కాస్తుంది. అందుకే యూరప్‌లో 2003లో చట్టం సవరించి, 2005 నుంచి మూత తెరిచిన డబ్బా బొమ్మ వేయిస్తున్నారు. ముప్పై నెలలకు మించి నిలవుండే సరుక్కి ఆ బొమ్మ. దాని మీద 12 ఎం అని ఉంటే, తెరిచాక పన్నెండు నెలలని అర్థం. ఇక్కడ దొరికే చాలా సీసాల మీద కూడా ఉంటుంది. మీ అద్దం ముందున్నవి ఓసారి తిప్పి చూడండి.

నీరు విడిపోయినా, రంగు మారినా, వాసన తేడాగా ఉన్నా అనుమానం అక్కర్లేదు, తీసెయ్యాల్సిందే. అలాగని వాసన బాగుంటే మంచిదనీ కాదు. అత్తరు చాలా తప్పులు కప్పేస్తుంది. పొడి పౌడరు ఎక్కువ కాలం నిలుస్తుంది. కనురెప్పలకు వేసే మస్కారా మూడు నాలుగు నెలలే. ఎండిపోయిందని నీళ్ళు కలపకండి, అక్కాచెల్లెళ్ళయినా సరే పంచుకోకండి. కన్ను కన్నే కదా!

ఇవన్నీ మర్నాడు అమ్మకి వల్లించాను. శ్రద్ధగా విని, "అంతా బాగానే ఉంది గానీ, అది వాడు కొనిచ్చిందే" అంది.

అప్పటికి గాని నాకు తెలియలేదు, ఆవిడ దాచింది క్రీము కాదని. మంచిదేదైనా 'తర్వాత'కని దాచి, ఆ తర్వాత వచ్చేసరికి పాడు చేసుకోవడం మనందరికీ అలవాటే. నా బీరువాలో మాత్రం తక్కువున్నాయా?

చివరికి రాజీ కుదిరింది. క్రీము తీసేసి, సీసా వేణ్ణీళ్ళతో కడిగి ఎండలో పెట్టాం. ఇప్పుడందులో అమ్మ పిన్నీసులు వేసుకుంటోంది. బజారుకెళ్ళి అన్నిట్లోకీ చిన్న డబ్బా తెచ్చి, తెరిచిన తారీఖు చీటీ మీద రాసి అంటించాను.

"సంక్రాంతికి వస్తాను. అప్పటికి ఖాళీ అయిపోవాలి" అన్నాను.

"రోజూ రాసుకోవాలంటావా ఏమిటే?" అంది అమ్మ, అదేదో దుబారా అన్నట్టు.