శీలమును జీవితఫలమును: ఒక పరిశోధన చరిత్ర

మానవుని స్వభావమును బట్టి యతని జీవితఫలమును ముందుగా నూహింపవచ్చునను విశ్వాసము మిక్కిలి ప్రాచీనమైనది. అరిస్టాటిల్ శిష్యుడగు థియోఫ్రాస్టసు క్రీస్తుపూర్వము 4వ శతాబ్దిలో ముఖస్తుతి చేయువాడు, పిసినారి, వదరుబోతు మొదలుగా 30 రకముల మనుష్యులను చిత్రించెను. మన చరకసంహిత శారీరస్థానమున సాత్త్వికములు 7, రాజసములు 6, తామసములు 3, వెరసి 16 చిత్తప్రకృతులు వర్ణింపబడినవి. ఇరువదవ శతాబ్దిలో రేమండ్ కాటెల్ అను మనశ్శాస్త్రవేత్త తన పరీక్షలో నంగీకరించిన మూలగుణములును 16. ఈ సంఖ్యాసామ్యము కేవలము కాకతాళీయము. దానిపై సిద్ధాంతసౌధములను నిర్మింపదలచువారు మనలో లేకపోలేదు కావున నీమాట చెప్పవలసివచ్చినది.

ప్రాచీనులు చేసినది వర్ణనము. ఫలానా గుణముగలవాడు బాగుపడుననియు, ఫలానా గుణముగలవాడు చెడుననియు వారు చెప్పిరి. కాని చెప్పినట్లు జరిగినదో లేదో లెక్కించి చూచినవారు లేరు. ఒకని గుణమును బాల్యమున వ్రాసియుంచి, అఱువది డెబ్బది యేండ్లకు పిమ్మట ఆ కాగితమును తీసి, వాని జీవితముతో సరిచూచుట ఆధునికకాలమునకు చెందిన పని. ఆ పని యెట్లు సాగినదో, అందు నిలిచినదెంతయో చూపుట యీ వ్యాసమునకు విషయము.

భాషాధ్యయనపరులకు ప్రీతి గలిగించు విశేషమొకటి యిందు కలదు. ఈ శాస్త్రము చాలవఱకు ప్రయోగశాలలో గాక నిఘంటువులో పుట్టినది. 1884లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఆంగ్లభాషలో స్వభావమును దెలుపు మాటలెన్ని కలవో తెలిసికొనగోరి, రోజే పర్యాయపదకోశపు పుటలను తిరుగవేసి, అట్టివి వేయికి తక్కువ గాకుండ నుండునని యంచనా వేసెను. మనుష్యులు తమతోడివారిలో ముఖ్యమని గుర్తించిన ప్రతిభేదమునకును కాలక్రమమున నొక మాట యేర్పడియుండునని యీ పద్ధతికి మూలమైన తలంపు. 1936లో గార్డన్ ఆల్పోర్టు, హెన్రీ ఆడ్బర్టు అనువారలు వెబ్‌స్టర్ మహానిఘంటువును ఆద్యంతము జల్లించి 17,953 మాటలను ప్రోగుచేసిరి. అందు స్థిరమైన గుణములను దెలుపునవి 4,504 అని వారు తేల్చిరి. కోపించినవాడు వేఱు, కోపిష్ఠి వేఱు; మొదటిది క్షణికమైన యవస్థ, రెండవది శీలము. ఈ వివేచనము వ్యాకరణవేత్తకు చిరపరిచితమైనదే.

ఇన్ని వేల మాటలను కుదించుటకు కారకవిశ్లేషణమను గణితమార్గము నవలంబించిరి. 1961లో అమెరికా వైమానికదళమునకు చెందిన ట్యూప్స్, క్రిస్టల్ అనువారలు ఎనిమిది వేర్వేఱు సమూహములలో నొకేరీతిగా అయిదు గుణసముదాయములు పొడసూపుచున్నవని నివేదించిరి. బహిర్ముఖత్వము, సౌజన్యము, బాధ్యతాబుద్ధి, ఉద్వేగస్థైర్యము, నవ్యతాభిలాష అని వానిని స్థూలముగా చెప్పవచ్చును. కాని ఆ నివేదిక సైన్యపు దస్త్రములలో మఱుగుపడినది. ఇంతలో 1968లో వాల్టర్ మిషెల్ గట్టి యాక్షేపణ చేసెను. గుణములను గూర్చిన పరీక్షలకును మనుష్యుల వాస్తవప్రవర్తనమునకును గల సహసంబంధగుణకము 0.30ను మించుట యరుదనియు, మనుష్యుని నడపునది శీలముకంటె సందర్భమే యనియు నాతని వాదము. ఆ వాదము తీవ్రముగా వ్యాపించి, గుణపరిశోధనమే వ్యర్థమను భావము కొంతకాలము చెల్లుబడియైనది. ఇది కేవలము పండితవివాదము గాదు. మిషెల్ మాట పూర్తిగా నిజమైనచో, ఉపాధ్యాయుడు విద్యార్థి శీలమును గూర్చి వ్రాసియిచ్చు ప్రతిపత్రమును చిత్తుకాగితమే యగును.

ఈ యాక్షేపణకు సమాధానమనదగిన సామగ్రి అప్పటికి 47 ఏండ్లుగా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో పెరుగుచునే యున్నది. దానిని సేకరించినవాడు లూయీ టెర్మన్. విచిత్రమేమనగా అతడు దానిని శీలమును నిరూపించుటకై సేకరింపలేదు. ప్రజ్ఞయే సర్వమనియు, అది ముఖ్యముగా వంశపారంపర్యమనియు నాతని దృఢవిశ్వాసము. ఉత్తమజాతిసంవర్ధనమను పేర నాడు ప్రబలిన వాదమును, గాల్టన్ వలెనే, అతడును సమర్థించెను. ఆ వాదము వలన అనంతరకాలమున గలిగిన యనర్థములు సుప్రసిద్ధములు.

1921లో టెర్మన్ కాలిఫోర్నియా పాఠశాలలలో మిక్కిలి ప్రజ్ఞగల పిల్లలను వెదకింప నారంభించెను. సాధారణముగా 140 లేక అంతకు మించిన ప్రజ్ఞాలబ్ధిగలవారిని చేర్చుకొనిరి. మొత్తము 1,528 మంది; అందు బాలురు 856, బాలికలు 672. వీరి తలిదండ్రులచేతను ఉపాధ్యాయులచేతను 1922లో ఒక్కొక్క పిల్లవానికి 25 గుణములలో అంకెలు వేయించిరి. ముందుచూపు, సత్యసంధత, ఆడంబరరాహిత్యము, ఉల్లాసము, హాస్యప్రియత్వము మొదలగునవి యా గుణములు. టెర్మన్ దృష్టిలో నిది యనుబంధసామగ్రి మాత్రమే. పిదప కొన్నికొన్ని సంవత్సరముల కొకసారి వారి విద్య, ఉద్యోగము, వివాహము, ఆరోగ్యము విచారించుచు వచ్చిరి. 1956లో టెర్మన్ మరణించినను పని యాగలేదు.

ప్రజ్ఞాలబ్ధి నొక్కదానిని నమ్ముకొన్నందువలన గలిగిన లోపము కొంతకాలమునకు బయటపడినది. పరీక్షలో నెగ్గక వదలివేయబడిన బాలురలో విలియం షాక్లీ, లూయీ ఆల్వరేజ్ అను నిద్దఱు తరువాత భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము నందిరి. మొదటివాడు 1956లో, రెండవవాడు 1968లో. చేర్చుకొన్న 1,528 మందిలో నొక్కరికిని ఆ బహుమానము రాలేదు. ఐనను ఇది కథగా చెప్పుకొనుటకు బాగుండును గాని ఋజువుగా చాలదు. ఇంతకంటె బలమైనది టెర్మన్ స్వయముగా కనుగొన్న విషయమే.

1947లో ప్రకటించిన సంపుటములో టెర్మన్, మెలిటా ఓడెన్ అనువారలు తమ పురుషులలో మిక్కిలి కృతార్థులైన 150 మందిని, మిక్కిలి వెనుకబడిన 150 మందిని విడదీసి పోల్చిరి. బాల్యమునాటి ప్రజ్ఞాలబ్ధిలో ఈ రెండు వర్గములకును చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. భేదము స్పష్టముగా కనబడినది నాలుగు గుణములలో: పట్టినపని విడువకుండుట, గాలికి కొట్టుకొనిపోక లక్ష్యమువైపు శక్తులను కూడగట్టుట, ఆత్మవిశ్వాసము, న్యూనతాభావము లేకుండుట. ప్రజ్ఞయే భాగ్యహేతువని నిరూపింప బూనినవాని లెక్కయే శీలము పక్షమున సాక్ష్యము చెప్పినది. టెర్మన్ ఆ ఫలితమును దాచక ప్రకటించెను. అందుల కాతనిని మెచ్చుకొనవలెను. కాని యీ పోలికలో నొక చిక్కు కలదు. కృతార్థవర్గము వారి తండ్రులలో ఉన్నతవిద్య గలవారు చాల యధికము. పట్టుదల తండ్రి చదువునుండి వచ్చినదా, లేక చదువును పట్టుదలయు మఱియొకదాని ఫలములా అను ప్రశ్న మిగిలియే యుండును. అదియుగాక టెర్మన్ తన పిల్లలకు సిఫారసు లేఖలు వ్రాసి తోడ్పడుచుండెను. పరిశోధకుడు పెంపుడుతండ్రి యైనచో పరిశోధన కొంత కలుషితము గాక తప్పదు.

టెర్మన్ అనుబంధముగా నెంచిన యంకెలకు విలువ వచ్చినది 1993లో. హోవర్డ్ ఫ్రీడ్‌మన్, ఆతని సహచరులు 1922నాటి ఆ గుణాంకములను తీసి, వారిలో 1,178 మంది మరణవివరములతో సరిచూచిరి. ముందుచూపు, బాధ్యతాబుద్ధి, ఆడంబరరాహిత్యము, సత్యసంధత అను నాలుగును కలిసిన సముదాయమున ఎక్కువ అంకెలు పొందిన పిల్లలు దీర్ఘకాలము జీవించిరి. 11 ఏండ్ల పిల్లవానిని గూర్చి తల్లియు గురువును వేసిన యంకె ఏడు దశాబ్దుల తరువాత మరణపత్రముపై నీడ పఱచినదన్నమాట. ఇది మిషెల్ వాదమునకు బలవత్తరమైన ప్రతివాదము.

రెండవ ఫలితము మఱింత విస్మయకరము. ఉల్లాసము, హాస్యప్రియత్వము గల పిల్లలు సగటున తక్కువకాలము జీవించిరి. నవ్వు నాలుగు విధాల చేటను సామెత పుట్టించిన పెద్దలు దీనిని విని తల యూపియుందురు. కాని 2001లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధన దీనికి విరుద్ధముగా కనబడును. 180 మంది కైస్తవసన్న్యాసినులు యౌవనమున వ్రాసిన స్వీయచరిత్రలను డెబోరా డానర్, ఆమె సహచరులు పరిశీలించి, సంతోషభావములను ఎక్కువగా వ్యక్తము చేసినవారే చిరకాలము జీవించిరని కనుగొనిరి. ఈ రెంటిని సమన్వయించుట సాధ్యమని నా యభిప్రాయము. మఠమున అందఱికి నొకే భోజనము, ఒకే దినచర్య. మద్యము, ధూమపానము లేవు. అక్కడ ఉల్లాసము దేహమునకు మేలు మాత్రమే చేయగలదు. కాలిఫోర్నియా బాలుడు పెరిగి పెద్దవాడైనపుడు వాని యుల్లాసము వానిని త్రాగుడువైపును, పొగవైపును, సాహసములవైపును నడపుటకు అవకాశము కలదు. టెర్మన్ సమూహమున ఉల్లాసవంతులు ఆ యలవాటులకు కొంత యెక్కువగా లోనైరని ఫ్రీడ్‌మన్ బృందము గమనించినది. ఐనను భేదమంతయు వానివలననే కలిగినదని చెప్పుటకు వీలులేకపోయినది. ఒకే గుణము ఒకచోట ఆయుష్కరమును మఱియొకచోట ఆయుఃక్షీణకరమును కావచ్చును. సందర్భమును విస్మరింపరాదన్న మిషెల్ మాటలోని సత్యాంశ మిక్కడ కనబడును.

వివాహవిషయమున లోవెల్ కెల్లీ పరిశోధన పేర్కొనదగినది. 1930 ప్రాంతపు దశాబ్దిలో వివాహనిశ్చయమైన 300 జంటలను తీసికొని, ఒక్కొక్కరి గుణములను వారి పరిచయస్థులచేత నిర్ణయింపజేసి, దాదాపు 45 ఏండ్లు వెంబడించెను. 22 జంటలు పెండ్లికి ముందే విడిపోయినవి. పెండ్లియైన 278లో 50 విడాకులు పొందినవి. ఇరువురిలో నెవరికైనను ఉద్వేగచాంచల్యము, భర్తకు ఆత్మనిగ్రహలోపము ఉన్నచోట సంసారము చెడినట్లు 1987లో కెల్లీ, కాన్లీ ప్రకటించిరి. ఉద్యోగవిషయమున బారిక్, మౌంట్ అనువారలు 1991లో 117 పరిశోధనలను క్రోడీకరించి, బాధ్యతాబుద్ధి యన్నిరకముల వృత్తులలోను పనితనముతో సంబంధము గలిగియున్నదని చూపిరి.

ఇక నీ సంబంధముల పరిమాణమును గూర్చి. 2008లో కెర్న్, ఫ్రీడ్‌మన్ 20 సమూహములను, 8,900కు మించిన మనుష్యులను గూర్చిన ఫలితములను కలిపిచూడగా, బాధ్యతాబుద్ధికిని దీర్ఘాయువునకును గల సహసంబంధగుణకము 0.11 మాత్రమే. ఇది యల్పమని తోచును. కాని అమెరికాలో 22,071 మంది వైద్యులపై జరిపి 1988లో ఫలితము ప్రకటించిన ఆస్పిరిన్ పరీక్షలో, మందు తీసికొన్నవారిలో 104 మందికిని, తీసికొననివారిలో 189 మందికిని గుండెపోటు వచ్చినది. ఆ భేదము చాలునని పరీక్షలో నా భాగమును మధ్యలోనే యాపి, ఫలితమును లోకమునకు వెల్లడించిరి. దానిని సహసంబంధగుణకముగా మార్చినచో 0.03 పైచిలుకు మాత్రమే వచ్చును. అల్పమైన సంఖ్య లక్షలమందికి వర్తించినపుడు అల్పము గాదు. ఒక్కని జాతకము చెప్పుటకు మాత్రము అది పనికిరాదు. ఈ రెండవ వాక్యమును మఱచి మొదటిదానినే ప్రచారము చేయువారివలన ఈ శాస్త్రమునకు అపకీర్తి కలుగుచున్నది.

2019లో క్రిస్టఫర్ సోటో ఈ రంగమునందలి ప్రకటితఫలితములలో 78 సంబంధములను, పద్ధతిని ముందుగానే నమోదుచేసి, మఱల పరీక్షించెను. 87 శాతము నిలిచినవి. కాని వాని బలము మొదట చెప్పినదానిలో 77 శాతముగా తేలినది. మనశ్శాస్త్రమునందలి పెక్కు ప్రసిద్ధఫలితములు పునఃపరీక్షలో కూలిపోవుచున్న కాలమున నిది గౌరవప్రదమైన ఫలితమే. ఐనను అతడు పరీక్షించినవారును అమెరికావారే. టెర్మన్ పిల్లలును అధికముగా శ్వేతజాతి మధ్యతరగతి వారే.

ఇచ్చట మనకు సంబంధించిన ప్రశ్న తలయెత్తును. ఇంతవఱకు బాధ్యతాబుద్ధి యని వ్యవహరించినది ఆంగ్లమున కాన్షియన్షస్‌నెస్ అనబడును. దానిని పూర్తిగా దెలుపు తెలుగుమాట యొక్కటి చూపుట కష్టము. శ్రద్ధ యన్నచో విశ్వాసమును కలియును. దీక్ష యన్నచో వ్రతపువాసన వదలదు. జాగ్రత్త యన్నది మేలుకొనియుండుట యను మూలార్థమును విడిచి పదిలము, పొదుపు అనువానివైపు జరిగినది. నిదానము సంస్కృతమున కారణము, రోగనిర్ణయము. తెలుగున తొందర లేకుండుట. నిదానస్థుడని యుపాధ్యాయుడు వ్రాసినచో, ఆలోచించి పనిచేయువాడని మెచ్చెనో, మందగొండియని మర్యాదగా దూషించెనో సందర్భమే చెప్పవలెను. అట్టి రెండు తెగల పిల్లలకు నొకే యంకె వేసి, ఏడు దశాబ్దుల పిదప ఫలితము చూచినచో లెక్క కుదురునా?

మన పదనిర్మాణమున మఱియొక విశేషము కలదు. స్థిరస్వభావమును దెలుపు 'పోతు' ప్రత్యయప్రాయము తిండిపోతు, సోమరిపోతు, త్రాగుబోతు, తిరుగుబోతు, వదరుబోతు అని నిందకే యెక్కువగా వాడబడును. శ్రమశీలి, వినయశీలి యని మెచ్చుకొనుటకు సంస్కృతము నాశ్రయింతుము. ఐనను అచ్చతెనుగున ప్రశంసకు మాటలు లేవనరాదు. పట్టుదల, ఓర్పు, ఒద్దిక కలవు. కుదురు కలదు. అడుగు గుండ్రనైన కుండ దొర్లకుండ క్రింద నుంచు చుట్టకుదురు పేరే మనస్సు నిలుకడకును పేరైనది. ఆల్పోర్టు, ఆడ్బర్టులు వెబ్‌స్టర్ కోశమును జల్లించినట్లు, సూర్యరాయాంధ్రనిఘంటువును, మాండలికపదకోశములను జల్లించి యిట్టి మాటలను విడదీసి, ఏ మాట యే మాటతో కలిసి నడచునో వివిధప్రాంతముల ఉపాధ్యాయులచేత చెప్పించుట మనశ్శాస్త్రశాఖ యొక్కటియే చేయగల పని గాదు. కుదురును నిదానమును ఒకే పాదిలో పడునో, వేఱగునో చెప్పవలసినవారు తెలుగుశాఖవారు.