పాచికలు ఎవరివి?

జూదం తప్పని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ పని శతకకారులు ఎన్నో వందల ఏళ్లుగా చేస్తూనే ఉన్నారు, ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు. నన్ను పట్టిన ప్రశ్న వేరు. ఆటలో ఓడిపోయే అవకాశం ఎంతో లెక్క కట్టవచ్చు. ఆట నడిపేవాడు మోసం చేసే అవకాశాన్ని ఎలా లెక్క కట్టాలి? మా హేతువాద మిత్రబృందంలోకి కొత్తగా వచ్చిన ఒక ఇంజనీరింగ్ కుర్రాడు విదేశీ బెట్టింగ్ సైటులో డబ్బు పెడుతున్నాడు. ఎందుకయ్యా అంటే, "ప్రాబబిలిటీ లెక్కేసుకునే దిగుతున్నాను సార్, జాతకం చూపించుకుని కాదు" అన్నాడు. జాతకం జోలికి పోనందుకు సంతోషమే గాని, అతని లెక్కలో సగం లేదు. లేని ఆ సగానికి చాలా పాత చరిత్ర ఉంది.

శకుని పాచికలు అతని తండ్రి ఎముకలతో చేసినవనీ, చెప్పినట్టు పడేవనీ మనవాళ్లలో చాలామంది నమ్మకం. సంస్కృత భారతంలో ఈ ఎముకల కథ లేదు. అక్కడ శకుని ఆరితేరిన జూదరి, కపటం తెలిసినవాడు, అంతే. మహిమలేవీ అక్కర్లేకుండానే పని జరిగిపోయింది. మూలంలో అంతకంటే గమనించదగ్గ విషయం ఒకటుంది. పందెం సొమ్ము దుర్యోధనుడిది, పాచికలు వేసేది శకుని అని తెలిసినప్పుడు, ఒకరి తరఫున మరొకరు ఆడటం సబబుగా లేదని ధర్మరాజు అభ్యంతరం చెబుతాడు. చెప్పి, ఆ మాట అక్కడే వదిలేసి ఆటకు కూర్చుంటాడు! సభ వాళ్లది, ఆట వాళ్లది, తీర్పు చెప్పవలసిన పెద్దలు వాళ్ల ఇంటివాళ్లు. ఓడిపోయాక ఫిర్యాదు చేయడానికి మరో చోటు లేదు.

కౌటిల్యుడు ఈ సంగతిని ధర్మరాజు కంటే బాగా అర్థం చేసుకున్నాడు. అర్థశాస్త్రం మూడో అధికరణంలో జూదం మీద ఒక ప్రకరణమే ఉంది. జూదం ఒకే చోట, ద్యూతాధ్యక్షుడి కనుసన్నల్లో జరగాలి. వేరేచోట ఆడితే 12 పణాల జరిమానా. పాచికలు అధ్యక్షుడే సమకూర్చాలి, అవి నికార్సయినవై ఉండాలి, ఎవడైనా మార్చితే శిక్ష. గెలిచిన సొమ్ములో నూటికి 5 ఖజానాకు. ఇందులో నీతిబోధ లేదు. దొంగచాటు బతుకులు బతికేవాళ్లను కనిపెట్టడానికే ఈ ఏర్పాటంతా అని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ప్రజల మేలు కోసం చేశాడని నేను అనను. కానీ పాచికలు ఎవరివి, తగాదా వస్తే అడగవలసింది ఎవరిని అన్న రెండు ప్రశ్నలకు అక్కడ జవాబుంది.

యూరప్‌లో సంభావ్యతా గణితం పుట్టిందే జూదం బల్ల దగ్గర. పాస్కల్, ఫెర్మాల ఉత్తరాలు 1654 నాటివి. వాళ్లకంటే ముందు 16వ శతాబ్దంలోనే కార్డానో పాచికల గురించి ఒక పుస్తకం రాసుకున్నాడు. అది అచ్చయింది మాత్రం 1663లో, అతను పోయిన చాలా కాలానికి. స్వయంగా జూదరి కాబట్టి అతను లెక్కలతో ఆగలేదు, మోసాల గురించీ రాశాడు. ఇద్దరికీ పరిస్థితులు సమానంగా ఉండటమే జూదానికి పునాది అన్నాడు. అవతలి మనిషి, చుట్టూ చూసేవాళ్లు, డబ్బు, పాచిక, అన్నీ అందులోకే వస్తాయి. అది లేనిచోట భిన్నాలు వేసి ప్రయోజనం లేదు. మనం కాలేజీలో కార్డానో భిన్నాలు నేర్చుకుని, ఈ షరతును మాత్రం వదిలేశాం.

చదువులేని పందెగాళ్లు దాన్ని వదల్లేదు. బొంబాయిలో మట్కా పుట్టుక చూడండి. మొదట్లో న్యూయార్క్ పత్తి మార్కెట్ ధరల మీద పందేలు కాసేవారు. ఆ అంకె టెలిప్రింటర్ మీద వచ్చేది. దాన్ని మార్చడం బొంబాయిలో ఎవరి తరమూ కాదు. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోయాక కల్యాణ్‌జీ భగత్, ఆ తర్వాత రతన్ ఖత్రీ కుండలో చీటీలు, పేకముక్కలు తీసే పద్ధతి పెట్టారు. నలుగురి ముందూ ముక్క తీయిస్తాడన్న పేరే ఖత్రీకి పెట్టుబడి. ఒక అంకె మీద రూపాయి కాస్తే తొమ్మిది రూపాయలిచ్చేవారు. పదింట ఒక అవకాశానికి తొమ్మిదంటే నూటికి పది నిర్వాహకుడివే. రాయలసీమ ఊళ్లలో ఈ మట్కా ఎన్ని ఇళ్లు కూల్చిందో అక్కడివాళ్లకు తెలుసు. అయినా చీటీ రాసేవాడు ఆ వీధివాడే. డబ్బివ్వకపోతే కాలర్ పట్టుకోవచ్చు.

మన సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో, 1967లో. ఏ ముక్కలు పడ్డాయో గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అన్నది కోర్టు తర్కం. అక్కడ ముక్కలు కలిపి పంచింది బల్ల దగ్గర కూర్చున్న మనుషులు. ఆ తీర్పునే తర్వాత ఆన్‌లైన్ కంపెనీలు గొడుగులా పట్టుకున్నాయి. ముక్కలు పంచేది కంప్యూటర్ అయినప్పుడు ఏమవుతుందో అప్పటికే ఒక ఉదాహరణ ఉంది.

1999లో ప్లానెట్ పోకర్ అనే సైటు వాడుతున్న సాఫ్ట్‌వేరు తయారీదారులు, తమ నిజాయితీ నిరూపించుకోవడానికి ముక్కలు కలిపే ప్రోగ్రామును బయటపెట్టారు. 52 ముక్కల్ని అమర్చే విధాలు 68 అంకెల సంఖ్య. ఆ ప్రోగ్రాము మాత్రం గడియారాన్ని చూసి, అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లతో మొదలయ్యేది. రోజుకు అవి 8 కోట్ల 64 లక్షలే. ఒక సాఫ్ట్‌వేరు భద్రతా బృందం తమ గడియారాన్ని సైటు గడియారంతో సరిచూసుకుని ఆ సంఖ్యను 2 లక్షల దాకా దించేసింది. ఐదు ముక్కలు కనబడితే చాలు, మిగతావాళ్ల చేతుల్లో ఏమున్నాయో చెప్పేయవచ్చు. అది దురుద్దేశం కాదు, తెలియనితనం. ప్రోగ్రాము దాచిపెట్టి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

దురుద్దేశం 2007లో బయటపడింది. అబ్సొల్యూట్ పోకర్ కోస్టారికా నుంచి నడిచేది, లైసెన్సు కెనడాలోని కానవాకే మొహాక్ ప్రాంతానిది. ఒక ఆటగాడు అందరి ముక్కలూ కనిపిస్తున్నట్టు ఆడి టోర్నమెంటు గెలిచాడు. కంపెనీ మొదట కొట్టిపారేసింది. ఆటగాళ్లే తమ ఆటల రికార్డులు పోగేసి, ఇలాంటి గెలుపు అదృష్టం వల్ల రాదని లెక్క చూపించారు. లోపలివాళ్లకు అందరి ముక్కలూ చూపించే ఖాతా ఒకటుందని చివరికి కంపెనీ ఒప్పుకుంది. దాని సోదర సంస్థ అల్టిమేట్‌బెట్‌లోనూ అదే కథ. హేతువాదిగా నాకు నచ్చిన ఘట్టమిది. కాకపోతే అక్కడ ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఆడారు కాబట్టి సరిపోల్చుకోవడానికి రికార్డులున్నాయి. విమానం ఎగిరి మాయమయ్యే ఇప్పటి ఆటల్లో అవతల ఉండేది సైటు ఒక్కటే. ఫలితం ముందే ఖరారైందని గణితపరంగా రుజువు చూపిస్తామంటారు కొందరు. ఆ రుజువు సరైనదే అయినా, గెలిచిన డబ్బు ఇస్తారనడానికి అది రుజువు కాదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఓడిపోయేవాడికి సైటు మంచిదో చెడ్డదో ఎప్పటికీ తెలియదు. గెలిచి డబ్బు అడిగినవాడికే తెలుస్తుంది. చిన్న మొత్తాలు టకటకా వచ్చేస్తాయి, నమ్మకం కుదురుతుంది. బాబాలు కూడా ముందు చిన్న మహిమలే చూపిస్తారు. పెద్ద మొత్తం దగ్గర కొత్త పత్రాలు, 'ముందు పన్ను కట్టండి' అన్న సందేశాలు మొదలవుతాయి.

ఈ సైట్లలో చాలావాటికి కురసావ్ అనే కరీబియన్ దీవి లైసెన్సు ఉంటుంది. ఏళ్ల తరబడి అక్కడ కొద్దిమంది మాస్టర్ లైసెన్సుదారులు కింది సైట్లకు ఉపలైసెన్సులు పంచుతూ వచ్చారు. 2024 డిసెంబరులో గాని చట్టం మారలేదు. ఇక మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవాడికి మూడేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా దాకా ఉన్నాయి. ఆడేవాడికి శిక్ష లేదు. స్వదేశీ కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. విదేశీ సైట్లు అద్దె బ్యాంకు ఖాతాల ద్వారా నడుస్తూనే ఉన్నాయి. మీకు వచ్చిన గెలుపు సొమ్ము మరెవరో సైబర్ మోసంలో పోగొట్టుకున్నదైతే, పోలీసులు స్తంభింపజేసే ఖాతాల వరుసలో మీ జీతం ఖాతా కూడా ఉండవచ్చు.

లైసెన్సు ఉంటే భద్రత ఉంటుందనేవాళ్లు ఫుల్ టిల్ట్ పోకర్ సంగతి చూడాలి. దానికి ఇంగ్లిష్ చానల్‌లోని ఆల్డెర్నీ దీవి లైసెన్సు ఉండేది. 2011 మార్చి చివరికి అది ఆటగాళ్లకు సుమారు 39 కోట్ల డాలర్లు బాకీ పడగా, బ్యాంకులో ఉన్నది 6 కోట్లు. తెర మీద మాత్రం ప్రతివాడి ఖాతాలోనూ పూర్తి మొత్తం కనిపిస్తూనే ఉంది. ఆ డబ్బు చివరికి తిరిగొచ్చింది ఆల్డెర్నీ వల్ల కాదు. అమెరికా న్యాయశాఖ కేసు పెట్టింది, పోటీ సంస్థ పోకర్‌స్టార్స్ 2012లో ఆ కంపెనీని కొని రాజీకి దిగింది. అమెరికా ఆటగాళ్లకు చెల్లింపులు 2014లో మొదలయ్యాయి, అబ్సొల్యూట్ పోకర్ బాధితులకు 2017లో. కురసావ్ సైటులో గుంటూరు కుర్రాడి ఖాతాలో చిక్కుకున్న నలభై వేల కోసం అలా కేసు పెట్టగల ప్రభుత్వం ఏదీ ఇప్పటికి నాకు కనిపించడం లేదు.